సూరిబాబు బండి ఆగిన చోట్లు

కోనసీమ చూసి వచ్చామంటే మా కదిరిలో అందరూ ముందుగా అడిగేది, అంతర్వేది వెళ్ళారా, పడవెక్కారా అని. వెళ్ళలేదు, ఎక్కలేదు. మేం చూసింది కొత్తపేట పొలిమేరలో ఒక అరటితోట గట్టు, వాడపల్లి రోడ్డు మీద ఒక కల్వర్టు, అమలాపురం ఇంకా రాకుండానే ఒక ఇటుకబట్టీ, గన్నవరం దాటాక ఎవరిదో వీధరుగు. ఏ ఊళ్ళో ఏం చూడాలన్నది మేం నిర్ణయించుకున్నది కాదు. సూరిబాబు బండి నిర్ణయించింది. అది ఎక్కడ ఆగితే అక్కడ దిగి చూశాం. చూసినంతవరకు చాలా బాగుంది.

ముందు మా సంగతి చెప్పాలి. నేను హైస్కూల్లో ఫిజిక్సు చెబుతాను. మావారిది మండలాఫీసులో ఉద్యోగం. ఇంట్లో బల్బు మార్చడానికి మనిషిని పిలిచే ఈయన, పరాయివాళ్ళ ఇంజను కనిపిస్తే మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని, చుట్టూ తిరిగి, 'ఊఁ' అంటారు. మా బళ్ళో తెలుగు చెప్పే వరలక్ష్మి టీచర్ది కొత్తపేట దగ్గర పల్లె. 'మా అమ్మా తమ్ముడూ ఉన్నారు, తమ్ముడికి సొంత బండి ఉంది, మూడు రోజులు తిప్పి చూపిస్తాడు, వెళ్ళి రండి' అని ఆవిడ ఏడాదిగా పోరు పెడితే, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఒక దసరా సెలవుల్లో బయల్దేరాం.

రావులపాలెం

శనివారం మధ్యాహ్నం బస్సు దిగేసరికి సూరిబాబు అరటిగెలల మార్కెట్టు పక్కన బండితో నిలబడి ఉన్నాడు. ముప్పై ఏళ్ళుంటాయి. తెల్ల చొక్కా, తడి తల, చేతిలో రెండు కొబ్బరిబొండాలు. బండి డీజిలు పికప్పు. ఒకప్పుడు తెలుపు. ముందు ముగ్గురు కూర్చోవచ్చు, వెనక సామాను తొట్టి.

బొండం ఎంతని అడిగాను. మూడు రూపాయలట. మా ఊళ్ళో ఎనిమిది. అక్కడ నీళ్ళు తాగి, లేత కొబ్బరి గీరుకుని తిని, ఇంకోటి కూడా తాగాను. మా వైపు వెయ్యడుగుల బోరు వేసినా తడవని నేల చూసి పెరిగినదాన్ని. ఇక్కడ రోడ్డుకి అటు కాలువ, ఇటు కాలువ, మధ్యలో వాన గుంట. ఇన్ని నీళ్ళు వృథాగా పడి ఉంటే నాకు కోపం కూడా వచ్చింది.

బండి బాగా నడుస్తుందా అని మావారు అడిగారు. 'ఆయ్, నడుస్తుందండి' అన్నాడు సూరిబాబు. బానెట్టు మీద చెయ్యి వేసి, 'మధ్యమధ్యలో ఆగుతుందండి' అన్నాడు. ఎందుకు ఆగుతుంది అంటే, 'అదే తెలీట్లేదండి, ఆయ్' అన్నాడు. ఆ 'ఆయ్' అంత వినయంగా ఉంది కాబట్టి ఎక్కి కూర్చున్నాం.

దారిలో అసలు విషయం చెప్పాడు. తాటిపాక దగ్గర గ్యాసు పనులు జరిగే చోట ఒక పెద్ద క్యాంటీను ఉంది. రోజూ కొత్తపేట వైపు నుంచి కూరగాయలు, అరటికాయలు, కొబ్బరికాయలు చేరవేసే బండి వాళ్ళకి కావాలి. మేనేజరు సూరిబాబుతో, సోమవారం పొద్దున్న తొమ్మిదింటికి సరుకుతో గేటు ముందుండు, టైముకి వస్తే పని నీది, రాకపోతే రాజోలు బండి అతనికిస్తాను అన్నాడట. సూరిబాబు పదేళ్ళు ఇంకొకరి లారీ మీద క్లీనరు, ఆ తర్వాత డ్రైవరు. ఈ బండి కొని ఆరు నెలలైంది.

'ఈ పని దొరక్కపోతే మళ్ళీ ఇంకోళ్ళ లారీ మీదకేనండి' అన్నాడు, స్టీరింగును చేత్తో తుడుస్తూ.

మావారు 'ఊఁ' అన్నారు. సోమవారంలోగా ఆ బండి రోగం కనిపెట్టి తీరాలని నేను అక్కడే తీర్మానించుకున్నాను. ఫిజిక్సు టీచరు బండిలో ఉండగా బండి ఆగడమేమిటి?

కొత్తపేట పొలిమేర

ఆగింది. రెండుసార్లు ఎక్కిళ్ళు పెట్టింది, ఊగింది, ప్రాణం విడిచింది. పక్కన అరటితోట. మా వైపు రోడ్డు మీద బండి ఆగితే జనం చూసి పోతారు. ఇక్కడ సైకిలు దిగుతారు, స్టాండు వేస్తారు, పేరు అడుగుతారు, అన్నం తిన్నారా అని అడుగుతారు, ఆ తర్వాత బండి సంగతి అడుగుతారు. పది నిమిషాల్లో ఎనిమిది మంది పోగయ్యారు. వాళ్ళలో అప్పారావుగారని, బస్సు నడిపి రిటైరైన పెద్దమనిషి ఒకాయన, బానెట్టు ఎత్తించి లోపలికి చెవి పెట్టి విన్నారు. ఆగిపోయిన ఇంజన్లో ఏం వినిపించిందో నాకు తెలియదు.

'గాలి పట్టిందండి' అన్నారాయన. డీజిలు వచ్చే గొట్టంలో గాలి బుడగ దూరితే ఇంజనుకి డీజిలు అందక ఆగిపోతుందట. బుడగ తీసేస్తే సరిపోతుందట. చాలా శాస్త్రీయంగా అనిపించింది. నేను నోట్‌బుక్కు తీసి రాసుకున్నాను.

అయితే ముందు ట్యాంకులో డీజిలుందో లేదో చూడమన్నారు. అందరం పక్కకి వెళ్ళాం. ట్యాంకుకి మూత లేదు. మూత ఉండాల్సిన చోట, ఊరగాయ జాడీకి కట్టినట్టు, వాసెన కట్టి ఉంది! అడుగున పాలిథిను కాగితం, పైన నాలుగు మడతలు వేసిన పాత పంచె ముక్క, చుట్టూ నులకతాడు. ఎక్కడా ఒక్క ముడత లేదు.

మూత నాలుగు నెలల క్రితం పోయిందట. డీజిలు పోయించుకుని, మూత బానెట్టు మీద పెట్టి మరిచిపోయి, అలాగే వచ్చేశాడు. కొత్త మూత రాజమండ్రి నుంచి 'వస్తుందండి' అని నాలుగు నెలలుగా కొట్టువాడు చెబుతున్నాడు. అంతవరకు గుడ్డ కుక్కి తిరిగాడు. వానలు పట్టేసరికి, నీళ్ళు దిగుతాయని, మూడు వారాల క్రితం వాళ్ళమ్మ వాసెన కట్టిచ్చింది.

ఎనిమిది మందీ ఆ వాసెన చూసి మురిసిపోయారు. మాలక్ష్మమ్మగారి చెయ్యే వేరండి అన్నాడొకాయన. ఆవిడ కట్టిన జాడీలో బూజన్నది చూడలేదండి అన్నాడింకొకాయన. అప్పారావుగారు తాడు మెల్లగా విప్పి, కొబ్బరి ఈనె ముంచి చూసి, డీజిలు నిండుగా ఉందని చెప్పి, విప్పినంత భక్తిగానూ మళ్ళీ కట్టేశారు. తర్వాత గొట్టం వదులు చేసి, పంపు కొట్టి, ఏదో బుడగ తీశారు. తాళం తిప్పితే బండి బంగారంలా స్టార్టయింది. మావారు చప్పట్లు కొట్టారు.

ఇల్లు చేరాం. మాలక్ష్మమ్మగారు గుమ్మంలోనే ఎదురొచ్చారు. చిన్న మనిషి, పెద్ద గొంతు, ప్రతి మాట చివరా 'అండీ'. నేను పిన్నిగారూ అని పిలిచాను. ఆవిడ భోజనానికి కూర్చోబెట్టారు. అరటికాయ కూర, కందిపచ్చడి, దోసకాయ పప్పు, మాగాయ, గడ్డపెరుగు. అయిపోయాయనుకుంటే ఆత్రేయపురం పూతరేకులు. మా ఇంట్లో చాలంటే చాలనే అర్థం. ఇక్కడ చాలంటే, మీకు నచ్చలేదా అని అర్థం. నచ్చిందని నిరూపించడానికి మావారు నాలుగు పూతరేకులు తిని మంచం మీద బోర్లా పడ్డారు.

సూరిబాబు మెల్లగా, గాలి పట్టిందన్నారమ్మా అని చెప్పాడు. ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది.

'నా వాసెనలోంచి గాలి దూరిందాండి?' అని నన్నడిగారు.

దూరి ఉండవచ్చన్నాను. సైన్సు చదువుకున్నదాన్ని కదా, గాలి ఎంత సన్నని సందులోంచైనా దూరుతుందని చెప్పాను. ఆవిడ మొహం చిన్నబోయింది. చెయ్యి కడుక్కుని వెళ్ళి, అటక మీంచి లారీ ట్యూబు ముక్క తీసి, గుండ్రంగా కత్తిరించి, పాలిథిను తీసేసి దాన్ని వేసి, పైన గుడ్డ వేసి, సైకిలు ట్యూబు పట్టీతో ఏడు చుట్లు చుట్టి బిగించారు. 'మంచి పని చేశారు పిన్నిగారూ, ఇక గాలి దూరే మార్గమే లేదు' అని సర్టిఫికెట్టు ఇచ్చింది నేనే. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

వాడపల్లి రోడ్డు

ఆదివారం పొద్దున్నే వాడపల్లి వెంకన్న దర్శనం. గోదావరి గట్టు మీద గుడి, చల్లటి గాలి, పులిహోర ప్రసాదం. మా వైపు ప్రసాదం అరచేతిలో చిటికెడు పెడతారు. ఇక్కడ దొన్నె నిండా పెట్టి, ఇంకా వేయించుకోమన్నారు. వెళ్ళేటప్పుడు రావులపాలెంలో టీ తాగాం. సూరిబాబు అక్కడ వాసెన విప్పి డీజిలు పోయించి మళ్ళీ కట్టాడు కాబట్టో ఏమో, బండి ఎక్కడా ఆగలేదు. రోగం కుదిరిందని మావారు ప్రకటించారు.

తిరుగు ప్రయాణంలో శాస్త్రిగారొకరు చెయ్యెత్తితే ఎక్కించుకున్నాం. పక్కూళ్ళో వ్రతం చేయించడానికి వెళ్తున్నారు. ఆయన్ని ముందు కూర్చోబెట్టి మావారు వెనక తొట్టిలోకి మారారు. డీజిలు పోయించిన దగ్గర్నుంచి పదకొండు కిలోమీటర్లు. కల్వర్టు మీద ఆగింది.

శాస్త్రిగారు కంగారు పడలేదు. ఎప్పటి నుంచి ఇలా అని అడిగారు. మూడు వారాలండి అన్నాడు సూరిబాబు. ఆ వారంలో బండికి కొత్తగా ఏమైనా జరిగిందా అని అడిగారు. నిజానికి నేనడగాల్సిన ప్రశ్న అది.

సూరిబాబు ఆలోచించి చెప్పాడు: 'అమ్మ వాసెన కట్టిందండి. కొత్త హారన్ పెట్టించానండి.'

మేమందరం హారన్ మీద పడ్డాం! ఒకసారి మోగించమన్నారు శాస్త్రిగారు. అది పసిపిల్ల గుక్కపట్టి ఏడ్చినట్టు మోగింది. బయల్దేరేటప్పుడు ఏడుపు శకునమా అని ఆయన చెవులు మూసుకున్నారు. ఇక దాన్ని మోగించవద్దని, వర్జ్యం ఇంకో పావుగంటలో పోతుందని, అంతదాకా కూర్చుందామని అన్నారు. కల్వర్టు మీద కూర్చున్నాం. ఎదురింటావిడ మా అందరికీ మజ్జిగ తెచ్చిచ్చింది. మేం ఎవరమో ఆవిడ అడగనే లేదు.

వర్జ్యం పోయాక శాస్త్రిగారే, ఎందుకైనా మంచిది చమురు చూడండి అన్నారు. సూరిబాబు వాసెన విప్పి ఈనె ముంచి చూపించాడు. మళ్ళీ కడుతుంటే శాస్త్రిగారు తమ చేత్తో ఒక ముడి అదనంగా వేశారు. పెళ్ళిళ్ళలో కొంగులకు వేసే ముడి అది, ఊడదు. తాళం తిప్పగానే బండి స్టార్టయింది. ఆయన మమ్మల్ని ఆశీర్వదించి తన ఊళ్ళో దిగిపోయారు. నోట్‌బుక్కులో నేను 'నిన్న పదహారు, ఇవాళ పదకొండు' అని బండి ఆగేదాకా నడిచిన కిలోమీటర్లు రాసి, కింద 'హారన్?' అని రాశాను. ఎమ్మెస్సీ చదివిన చెయ్యి అది.

అమలాపురం చేరకముందు

ఇక మెకానిక్కుకే చూపిద్దామని మధ్యాహ్నం అమలాపురం బయల్దేరాం. తొమ్మిది కిలోమీటర్లకి, ఇటుకబట్టీ పక్కన ఆగింది. సూరిబాబు అటుగా వెళ్తున్న మోపెడ్డు ఎక్కి వెళ్ళి నాగేశ్వరరావనే మెకానిక్కుని వెంటబెట్టుకొచ్చాడు. వచ్చేలోపు బట్టీవాళ్ళు మాకు మొక్కజొన్న పొత్తులు కాల్చిపెట్టారు. మావారు ఒక ఇటుక తయారుచేశారు. అది ఇటుక అని వాళ్ళు ఒప్పుకున్నారు కూడా, మర్యాదకి.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. మా కదిరిలో మెకానిక్కు దగ్గరికి బండి తీసుకెళ్తే అతను చేసే మొదటి పని, దీన్ని ఇంతకుముందు చూసిన వెధవ ఎవడు అని అడగడం. ఆ వెధవ బిగించినవన్నీ విప్పి పారేసి, మొదటి నుంచి మొదలుపెడతాడు. నాగేశ్వరరావు అలా కాదు. జరిగిందంతా శ్రద్ధగా విన్నాడు.

'అప్పారావుగారు చెప్పింది నిజమేనండి. శాస్త్రిగారు చెప్పిందీ కాదనడానికి లేదండి. కాకపోతే ఫిల్టరు కూడా మార్చి చూద్దారండి' అన్నాడు.

కోనసీమలో ఏ వైద్యుడూ ముందు వైద్యుణ్ణి కాదనడు. అందుకని ఏ వైద్యమూ పోదు, దాని మీద ఇంకోటి వచ్చి చేరుతుంది. నాగేశ్వరరావు బుడగ తీశాడు, వర్జ్యం ఎప్పుడని కనుక్కున్నాడు, హారన్ ఊడదీసి పొట్లం కట్టి మా చేతిలో పెట్టాడు, ఫిల్టరు మార్చాడు. డీజిలు సంగతి చూడటానికి వాసెన విప్పి, 'అమ్మగారు కట్టినట్టు నాకు రాదండి' అని బాధపడి, ఆ బాధలో పైనుంచి ఇనుప తీగ కూడా చుట్టి పటకారుతో మెలిపెట్టాడు. బండి స్టార్టయింది. ఫిల్టరు ఖరీదు తప్ప ఏమీ తీసుకోలేదు. పైగా అందరికీ టీలు తెప్పించాడు.

సాయంత్రం అయిదింటికి ఇల్లు చేరాం. దారిలో ఒకసారి ఆగింది గానీ, తీగ విప్పి డీజిలు చూసి, వరసగా అన్ని వైద్యాలూ చేస్తే మళ్ళీ కదిలింది. ఇరవై నిమిషాలు పట్టింది. సూరిబాబు రాత్రి భోజనం దగ్గర అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. వాళ్ళమ్మ పక్కన కూర్చుని విసురుతూ ఉన్నారు. ఇద్దరూ నాతో 'ఏం పర్లేదండి' అంటున్నారు. వాళ్ళు నాకు ధైర్యం చెబుతుంటే ఏడుపొచ్చినంత పనైంది.

గన్నవరం దాటాక

సోమవారం తెల్లారేసరికి బండి నిండా సరుకు. అరటిగెలలు, వంకాయల బస్తాలు, కొబ్బరికాయలు. పిన్నిగారు స్నానం చేసి వచ్చి, వాసెన ఊడదీసి, కొత్త గుడ్డతో, అదే ట్యూబు ముక్కతో తిరిగి కట్టారు. ఈసారి ట్యూబు పైకి, గుడ్డ కిందికి. పైన నాగేశ్వరరావు తీగ. కట్టాక దానికి పసుపు రాసి, సరిగ్గా మధ్యలో రూపాయంత కుంకుమబొట్టు పెట్టారు. నేనూ దణ్ణం పెట్టుకున్నాను. రాజోల్లో అక్కగారిని చూసినట్టూ ఉంటుందని ఆవిడా బయల్దేరారు. ముందు సూరిబాబు, ఆవిడ, నేను. మావారు వెనక గెలల మధ్య.

హారన్ లేదు కదా. కొబ్బరికాయల సైకిళ్ళు, కోళ్ళు, బడిపిల్లలు, అన్నీ రోడ్డు మీదే. మావారు లేచి నిలబడి హారన్ బాధ్యత తీసుకున్నారు. మా ఊరి మనిషి కాబట్టి మొదట 'జరగండ్రా' అని అరిచారు. ఎవరూ జరగలేదు, అందరూ వింతగా చూశారు. రెండో ఊరు దాటేసరికి 'తప్పుకోండి బాబూ, క్యాంటీను పని మీద వెళ్తున్నామండీ' దాకా వచ్చారు. ఒక ముసలాయన తప్పుకుని, 'ఆయ్, మంచిదండి, వెళ్ళిరండి' అని చెయ్యెత్తి పంపించాడు.

ఆరింటికి బయల్దేరితే ఏడు కిలోమీటర్లకే ఆగింది. అన్ని వైద్యాలూ, ఇరవై నిమిషాలు. మళ్ళీ ఆగింది, మళ్ళీ ఇరవై. గన్నవరంలో కింద గోదావరి పాయ, దాని మీదుగా పారుతున్న కాలువ. నది మీద నది వెళ్ళడం నేను జన్మలో చూడలేదు. అక్కడ ఆగి ఉంటే చూసేదాన్ని. అక్కడ మాత్రం ఆగలేదు. దాటాక, ఒక పెంకుటింటి ముందు ఆగింది. అప్పటికి ఏడూ యాభై.

అన్ని వైద్యాలూ ముగించి ఎక్కి కూర్చునేసరికి ఆ ఇంటాయన అరుగు దిగొచ్చి టిఫిను చేసి వెళ్ళాలన్నారు. వద్దండీ తొందరలో ఉన్నాం అన్నాను. ఎంతలోకండీ, పిండి రుబ్బి సిద్ధంగా ఉందండీ అన్నారు. సూరిబాబు 'ఆయ్' అన్నాడు! మనిషి కొంప మునిగిపోతున్నా కాదనలేడు. ఆయన లోపలికి కేకేశారు. పెనం మీద పెసరట్టు చుయ్యిమన్న శబ్దం వినిపించింది. నాకు చిర్రెత్తుకొచ్చింది. 'మాకు పెసరట్లొద్దు, ఏమీ వద్దు, మా దారిన మమ్మల్ని పోనివ్వండి' అని మా కదిరి గొంతుతో అరిచాను. వీధిలో కోళ్ళు కూడా ఆగాయి. ఆ పెద్దమనిషి ఇంట్లోకి వెళ్ళి, నాలుగు పెసరట్లు అరిటాకులో చుట్టి తెచ్చి, కిటికీలోంచి నా ఒళ్ళో పెట్టి, 'దారిలో తినండమ్మా' అన్నారు. అంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు. పెసరట్టు మాత్రం అల్లంతో అద్భుతంగా ఉంది.

తాటిపాక

ఎనిమిదీ ముప్పై అయిదుకి, తాటిపాక ఇంకా నాలుగు కిలోమీటర్లుండగా, చివరిసారి ఆగింది. అన్ని వైద్యాలకీ ఇరవై నిమిషాలంటే, మళ్ళీ ఆగకపోయినా తొమ్మిదవుతుంది. మళ్ళీ ఆగుతుందని అందరికీ తెలుసు. సూరిబాబు దిగలేదు. స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. పిన్నిగారు వాడి వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నారు. 'ఏం పర్లేదండి' అన్న మాట ఈసారి ఇద్దరిలో ఎవరూ అనలేదు.

నేనే దిగాను. వాసెన నేనే విప్పుదామని ట్యాంకు దగ్గరికి వెళ్ళి, తీగ మీద చెయ్యి వేసి, ఆగిపోయాను. పొద్దున్న పిన్నిగారు బల్లపరుపుగా ఉన్న వాసెన మధ్యలో బొట్టు పెట్టడం నేను చూశాను. ఇప్పుడు ఆ బొట్టు గిన్నె అడుగున ఉన్నట్టు, లోపలికి దిగిపోయి ఉంది. ట్యూబు ముక్క గుంటపడి, బిర్రుగా, చిరిగిపోతుందేమో అన్నంత సాగి ఉంది. వేలితో నొక్కి చూశాను. లోపలి నుంచి ఎవరో పట్టి లాగుతున్నారు.

ఇరవై ఏళ్ళుగా ఎనిమిదో తరగతికి నేను ఒక ప్రయోగం చేసి చూపిస్తాను. డబ్బాలో నీళ్ళు కాచి, మూత బిగించి, చల్లార్చితే, లోపల గాలి లేక డబ్బా నలిగిపోతుంది. పిల్లలు కేకలు వేస్తారు. నేను గర్వంగా నిలబడతాను. ఇక్కడ అదే డబ్బా మీద మూడు రోజులు ఊరేగాను! ట్యాంకులో డీజిలు తగ్గేకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. రాకపోతే డీజిలు కదలదు, ఇంజను ఆగుతుంది. మేం ప్రతిసారీ డీజిలు చూడటానికి వాసెన విప్పాం, గాలి వెళ్ళింది, బండి నడిచింది. పేరు అప్పారావుగారికి, శాస్త్రిగారికి, నాగేశ్వరరావుకి వచ్చింది. గాలి దూరిందన్నది రోగం కాదు. దూరకపోవడం రోగం. ఇక దూరే మార్గం లేదని సర్టిఫికెట్టు ఇచ్చింది ఈ మహాతల్లి.

పిన్నిగారు దిగి నా పక్కకొచ్చి నిలబడ్డారు.

'పిన్నిగారూ, బండికి ఊపిరాడటం లేదు' అన్నాను.

'గాలి పట్టిందన్నారు కదండి?'

'పట్టలేదు. లోపలికి వెళ్ళనివ్వడం లేదు.'

'ఎవరండి?'

ఆవిడ నా మొహం చూశారు, గుంటపడిన బొట్టు చూశారు, మళ్ళీ నా మొహం చూశారు.

'నేనేనాండి?' అన్నారు.

నేను చీర కుచ్చిళ్ళ దగ్గరి పిన్నీసు తీసి, బొట్టు పక్కన పొడిచాను. సుయ్యిమని ఈల వేసినట్టు గాలి లోపలికి దూసుకుపోయింది. ట్యూబు మెల్లగా పైకి లేచింది. ఆ శబ్దానికి సూరిబాబు కూడా పరిగెత్తుకొచ్చాడు, మావారు గెలల మీంచి దూకారు. ఇక అందరం మొదలుపెట్టాం. తప్పు నాదండి, మూత పోగొట్టింది నేనేనండి అని సూరిబాబు. కాదు, ట్యూబు బాగుందన్నది నేను అని నేను. ముందే చెబుదామనుకున్నాను అని మావారు, అదొక అబద్ధం. మర్యాదలు ముగిసేసరికి ఎనిమిదీ నలభై మూడు. పిన్నిగారు మాత్రం కళ్ళనిండా నీళ్ళతో, నా చేతిలోంచి పిన్నీసు తీసుకుని, తన వాసెనని తనే, టకటకా, ఇంకో అయిదు పోట్లు పొడిచారు.

'ఒక్కటేం సరిపోతుందండి. పదరా సూరీ' అన్నారు.

బుడగ తీయలేదు, వర్జ్యం చూడలేదు. తాళం తిప్పితే స్టార్టయింది. నాలుగు కిలోమీటర్లూ ఎవరం ఊపిరి పీల్చలేదు. బండి పీల్చింది.

ఎనిమిదీ యాభై అయిదుకి గేటు ముందున్నాం. మేనేజరు వచ్చి గెలలు తట్టి చూశాడు, బస్తాలు విప్పించాడు, వంకాయ ఒకటి విరిచి చూశాడు. తర్వాత సూరిబాబుని ఇంజను ఆపి మళ్ళీ స్టార్టు చేసి, ఆవరణంతా ఒక చుట్టు తిప్పమన్నాడు. సూరిబాబు నావైపు చూసి ఇంజను ఆపాడు. సరిగ్గా అప్పుడు, గేటు దగ్గరి కాపలా మనిషి, మంచివాడు, ట్యాంకు వైపు చూసి అయ్యో అన్నాడు. ట్యూబుకి చిల్లులు పడ్డాయండి, వానొస్తే నీళ్ళు దిగిపోతాయండి, ఉండండి, ఒక్క నిమిషంలో అతికేస్తాను అని తన గదిలోకెళ్ళి సైకిలు పంక్చరు వేసే జిగురు, రబ్బరు ముక్కలు పట్టుకొచ్చాడు. అప్పటికే ఒక ముక్కకి జిగురు రాసేశాడు. వంగాడు కూడా.

'చెయ్యి పెట్టావంటే విరగ్గొడతాను వెధవా!'

మూడు రోజుల్లో మాలక్ష్మమ్మగారు పరాయివాళ్ళతో అనగా నేను విన్న మాటల్లో 'అండి' లేనిది ఆ ఒక్కటే. పైగా గొంతు పెద్దది. కాపలా మనిషి జిగురుతో సహా వెనక్కి పడ్డాడు. వంకాయ పట్టుకున్న మేనేజరు అదిరిపడి ఇటు తిరిగాడు.

'తమర్ని కాదండి' అన్నారావిడ వెంటనే, ఆ చిల్లుల ముందు రెండు చేతులూ అడ్డంగా చాపి.

సూరిబాబు తాళం తిప్పాడు. బండి స్టార్టయి, ఆవరణంతా తిరిగి, వచ్చి నిలబడింది. నిలబడి, గుడగుడమంటూనే ఉంది. పిన్నిగారు దాని వెనకే నడిచి వెళ్ళి, వెనకే నడిచి వచ్చారు, చేతులు దించకుండా. రేపట్నించి ఏడింటికల్లా వచ్చెయ్యాలయ్యా అన్నాడు మేనేజరు. సూరిబాబు స్టీరింగును చేత్తో తుడవడం మొదలుపెట్టాడు. ట్యాంకు దగ్గర్నుంచి కదలకుండానే వాళ్ళమ్మే చెప్పారు.

'ఆయ్, వస్తాడండి.'